ఓపెన్ సోర్స్ ప్యాకేజీలు: కోడ్ చౌర్యం, గుర్తింపు, పోటీ

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒకరి కోడ్‌ను ఇంకొకరు తీసుకుని, మార్చుకుని, ప్యాకేజీ కట్టి పంచిపెట్టడానికి లైసెన్సే అనుమతి ఇస్తుంది. అందువల్ల ఈ రంగంలో ఎవరైనా మా కోడ్ దొంగిలించారని ఆరోపించినప్పుడు, విప్పి చూస్తే లోపల మూడు ఫిర్యాదుల్లో ఏదో ఒకటి ఉంటుంది. రాసినవారి పేరునూ లైసెన్స్ పాఠాన్నీ తీసేసి ఉంటారు. లేదా కోడ్ ముట్టుకోకుండా ఆలోచన తీసుకుని, ఆ మాట చెప్పకుండా దాటేసి ఉంటారు. అదీ కాకపోతే జనం నమ్మి వాడుతున్న ప్యాకేజీ పేరునే చేజిక్కించుకుని ఉంటారు. చట్టం అండ గట్టిగా ఉన్నది మొదటిదానికే. ఏళ్ల తరబడి సాగిన గొడవలు మాత్రం ఎక్కువగా మిగతా రెండింటి మీదే.

మెయింటెయినర్ అన్న పేరు ఇద్దరికి చెల్లుతుంది. కోడ్ పుట్టిన చోట దాన్ని చూసుకునేవారు ఒకరు. వాళ్లను అప్‌స్ట్రీమ్ అంటారు. ఆ కోడ్‌ను డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ పంపిణీల్లో ఇమిడేలా సర్ది, అవసరమైన ప్యాచ్‌లు వేసి, వాడుకరి కంప్యూటర్ దాకా చేర్చేవారు మరొకరు. ఎన్‌పీఎం, పైపీఐ, క్రాన్ వంటి రిజిస్ట్రీల్లో ఈ రెండు పనులూ సాధారణంగా ఒకే మనిషి చేస్తారు. డెబియన్‌లో చాలావరకు వేర్వేరు మనుషులు. జీతం లేని పని కాబట్టి ఎక్కువమందికి మిగిలేది పేరే. ఎరిక్ రేమండ్ 1998లో రాసిన 'హోమ్‌స్టెడింగ్ ది నోస్ఫియర్' వ్యాసంలో హ్యాకర్లు కాగితం మీద పెట్టకుండానే పాటించే కట్టుబాట్లను గుర్తించారు: ప్రాజెక్టును ఊరికే చీల్చకూడదు, మెయింటెయినర్‌ను కాదని మార్పులు పంచకూడదు, ఒకరి పేరును వారి ఒప్పుదల లేకుండా ప్రాజెక్టు చరిత్రలోంచి తీసేయకూడదు. మొదటి రెండు పనులకూ లైసెన్సులు బాహాటంగా అనుమతిస్తాయి. అయినా వాటి మీద జనానికి వచ్చే కోపం తక్కువేమీ కాదు.

చట్టం అండ ఎంతవరకు

ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ, జీపీఎల్ లైసెన్సుల మధ్య ఎన్ని తేడాలున్నా ఒక షరతు అన్నిట్లోనూ ఉంది. కాపీరైట్ ప్రకటననూ లైసెన్స్ పాఠాన్నీ చెరపకూడదు. ఎంఐటీ లైసెన్స్ అడిగేది దాదాపు ఇదొక్కటే. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తొలినాళ్ల బీఎస్‌డీ లైసెన్స్‌లో ఇంకాస్త ఎక్కువే కోరింది: ఈ సాఫ్ట్‌వేర్‌ను ప్రస్తావించే ప్రతి వాణిజ్య ప్రకటనలోనూ తన పేరు చెప్పాలంది. ఆ పాఠాన్ని ఎత్తి రాసుకున్న ఇతర రచయితలు విశ్వవిద్యాలయం ఉన్న చోట తమ తమ పేర్లు పెట్టుకుంటూ పోయారు. 1997 నాటి ఒక నెట్‌బీఎస్‌డీ కూర్పులో ఇలాంటి వాక్యాలు 75 దాకా చేరాయని రిచర్డ్ స్టాల్‌మన్ లెక్కతీశారు. 1999 జులైలో విశ్వవిద్యాలయం ఆ నిబంధనను ఎత్తేసింది. పేరు చెప్పమనడం న్యాయమే గానీ, అందరూ అంతే పట్టుదలగా అడిగితే ప్రకటన కాగితంలో చోటు చాలదు.

పేరు తీసేస్తే శిక్ష ఏమిటన్నది చాలాకాలం తేలలేదు. చివరికి తేల్చింది బొమ్మ రైళ్లు. రాబర్ట్ జేకబ్సన్ బర్క్‌లీలో భౌతికశాస్త్ర ఆచార్యులు. తీరిక వేళల్లో మోడల్ రైళ్లను కంప్యూటర్‌తో నడిపే జేఎంఆర్ఐ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను ఇతరులతో కలిసి తయారుచేశారు. అదే రంగంలో సాఫ్ట్‌వేర్ అమ్ముకునే మాథ్యూ కాట్జర్ తన పేటెంట్లను అతిక్రమించారంటూ ఆయనకు 2 లక్షల డాలర్లకు పైగా బిల్లు పంపారు. కాట్జర్ ఉత్పత్తిలోనే జేఎంఆర్ఐ ఫైళ్లు రచయితల పేర్లూ కాపీరైట్ ప్రకటనలూ లేకుండా ఉన్నట్టు ఆ తర్వాత బయటపడింది. ఇది మహా అయితే ఒప్పందం మీరడమే తప్ప కాపీరైట్ ఉల్లంఘన కాదన్నట్టు కింది కోర్టు మాట్లాడింది. అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 2008 ఆగస్టు 13న ఆ వైఖరిని తోసిపుచ్చింది. పేరు ఉంచాలన్న నిబంధన లైసెన్స్‌కు ప్రాణమైన షరతేననీ, డబ్బు చేతులు మారకపోయినా పేరు వ్యాపించడం, ప్రాజెక్టు మెరుగుపడడం రచయితకు ఆర్థిక ప్రయోజనాలేననీ చెప్పింది. 2010లో కాట్జర్ లక్ష డాలర్లు చెల్లించేలా రాజీ కుదిరింది. ఓపెన్ సోర్స్ న్యాయవాదులు నేటికీ ముందుగా ఎత్తే తీర్పు ఇదే.

అంతకు చాలా ముందు, జీపీఎల్‌కు ఆద్యుడైన స్టాల్‌మన్‌కే ఇలాంటి చిక్కు వచ్చింది. 1985లో విడుదలైన గ్నూ ఈమాక్స్ ఎడిటర్‌లో తెర మీద అక్షరాలు చూపించే భాగాన్ని ఆయన జేమ్స్ గాస్లింగ్ రాసిన ఈమాక్స్ నుంచి తీసుకున్నారు. గాస్లింగ్ అప్పటికే తన హక్కులను యూనిప్రెస్ అనే కంపెనీకి అమ్మారు. పంచుకోవడానికి అనుమతి ఉందని స్టాల్‌మన్ వాదించారు, కంపెనీ లేదంది. ఆయన ఆ భాగాన్ని మొత్తం తీసేసి మళ్లీ రాశారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం హక్కుల పత్రాల విషయంలో అంత పట్టుగా ఉండడానికి ఈ అనుభవం కొంత కారణమని చెబుతారు.

2007లో వైర్‌లెస్ డ్రైవర్ల మీద జరిగిన రెండు తగాదాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఏప్రిల్‌లో ఓపెన్‌బీఎస్‌డీ వారి బ్రాడ్‌కామ్ డ్రైవర్‌లో లినక్స్ డ్రైవర్ నుంచి తెచ్చిన జీపీఎల్ కోడ్ కనబడింది. లినక్స్ వైపు మెయింటెయినర్ ఆ సంగతిని సదరు రచయితకు ఒంటరిగా చెప్పకుండా నలుగురి ముందూ పెట్టారు. ఓపెన్‌బీఎస్‌డీ నాయకుడు థియో డి రాట్ దీన్ని నిండు సభలో అవమానంగా భావించి మండిపడ్డారు. డ్రైవర్ రాస్తున్న డెవలపర్ దాన్నే తీసేశారు. ఆగస్టు నాటికి కథ అడ్డం తిరిగింది. ఓపెన్‌బీఎస్‌డీ నుంచి తెచ్చుకున్న అథెరోస్ డ్రైవర్ ఫైళ్లలోని లైసెన్స్ పాఠాన్ని తీసి జీపీఎల్ పెట్టాలని లినక్స్ వైపు నుంచి ఒక ప్యాచ్ ప్రతిపాదన వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ కల్పించుకోవాల్సి వచ్చింది, చివరకు అసలు లైసెన్స్ నిలిచింది. రెండు పక్షాలూ ఒకే ఏడాదిలో ఒకే తప్పు చేశాయి. ఎదుటివారి తప్పును మాత్రం చౌర్యమన్నాయి.

పేరు ఎక్కడ రాసుకుంటారు

2003లో ఎస్‌సీఓ అనే కంపెనీ, లినక్స్‌లో తన యూనిక్స్ కోడ్ ఉందంటూ ఐబీఎంపై దావా వేసింది. ఏ వరుస ఎవరు రాశారో, ఏ దారిన వచ్చిందో చూపించాల్సిన అవసరం అప్పుడు తలెత్తింది. 2004లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 'సైన్డ్-ఆఫ్-బై' పద్ధతి తెచ్చారు. ఈ మార్పును ఇచ్చే హక్కు నాకుందని పంపేవారూ, చేరవేసేవారూ వరసగా సంతకం చేయాలి. మరుసటి ఏడాది పుట్టిన గిట్, రాసిన మనిషినీ చేర్చిన మనిషినీ రెండు వేర్వేరు గడుల్లో నమోదు చేస్తుంది. లోపం చెప్పినవారికి, పరీక్షించినవారికి, సూచన ఇచ్చినవారికి వేర్వేరు ముద్రలున్నాయి.

ఇంత పద్ధతి ఉన్నా ఎవరికి ఏ ముద్ర దక్కాలన్నది మెయింటెయినర్ చేతిలోనే ఉంది. 2023లో ఒక ప్రోగ్రామర్ లినక్స్ కెర్నల్‌లో తన మొదటి ప్యాచ్ ఎలా చేజారిందో రాసి దుమారం రేపారు. పవర్‌పీసీ భాగంలో లోపాన్ని పట్టుకుని, మూలం వెతికి, సవరణ పంపితే, మెయింటెయినర్ దాన్ని పక్కనపెట్టి తనదైన రూపంలో రాసి చేర్చి, ఈయనకు 'రిపోర్టెడ్-బై' ఇచ్చారు. లైసెన్స్ ప్రకారం ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే వేల కమిట్లు ఉన్న మెయింటెయినర్‌కు ఇంకో కమిట్ లెక్కలోకి రాదు, కొత్తగా అడుగుపెట్టినవారికి అదే ఉద్యోగ దరఖాస్తులో మొదటి వరుస. మార్పులు చెప్పి ఆయన చేతే మళ్లీ రాయించి ఉంటే పోయేదేమీ లేదు.

ఆర్ భాషకు చెందిన క్రాన్ రిజిస్ట్రీ ఈ విషయంలో ఎంతో నిక్కచ్చి. అక్కడ ప్యాకేజీ వివరాల ఫైల్‌లో రచయిత, మెయింటెయినర్, సహాయకులు, కాపీరైట్ హక్కుదారులకు వేర్వేరు సంకేతాలున్నాయి. ఇతరుల కోడ్ ఎత్తుకుంటే వారి హక్కు ప్రకటన ఉంచాలనీ, రచయిత ఎవరన్న విషయంలో తప్పుదారి పట్టించకూడదనీ నియమం. ఆర్ వాడేవారిలో పరిశోధకులు ఎక్కువ, వారి లోకంలో ఉల్లేఖనే జీవనాధారం. ఈ పట్టింపు అక్కడి నుంచే వచ్చి ఉండాలి.

ఆలోచన ఎవరిది

కాపీరైట్ కోడ్‌కు వర్తిస్తుంది, ఆలోచనకు కాదు. ఈ సందులో పుట్టిన కథల్లో కాన్ కోలివాస్ కథ అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పుకునేది. వృత్తిరీత్యా ఆయన ఆస్ట్రేలియాలో మత్తు వైద్యుడు. ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకుని, ఇంటి కంప్యూటర్లలో లినక్స్ తడబడకుండా నడవాలన్న పట్టుదలతో ఏళ్ల తరబడి ప్యాచ్‌లు రాశారు. ప్రాసెసర్ సమయాన్ని ప్రోగ్రాముల మధ్య సమంగా పంచే షెడ్యూలర్‌ను 2007 మార్చిలో ప్రకటించారు. కెర్నల్‌లో అప్పటికే ఉన్న షెడ్యూలర్‌ను రాసినది ఇంగో మోల్నార్. సమంగా పంచే పద్ధతి అక్కర్లేదని అంతకుముందు వాదించినవాళ్లలో ఆయనా ఉన్నారని కోలివాస్ అభియోగం. ఏప్రిల్ 13న మోల్నార్ సీఎఫ్ఎస్ పేరుతో తన సొంత సమపంపిణీ షెడ్యూలర్‌ను విడుదల చేశారు. 62 గంటల్లో రాశానన్నారు. ఈ దారి సాధ్యమని నిరూపించిన ఘనత కోలివాస్‌దని ఆ ప్రకటనలోనే రాశారు కూడా. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన 2.6.23 కెర్నల్‌లో చేరింది సీఎఫ్ఎస్సే.

కోలివాస్ విరక్తితో కెర్నల్ పని వదిలేశారు. ఫిర్యాదు చేసినవారితో వాదనకు దిగే మనిషికన్నా, సమస్యను సరిచేసే మెయింటెయినర్ చేతిలో కోడ్ ఉండాలని తాను కోరుకున్నానని టోర్వాల్డ్స్ సమర్థించుకున్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం. షెడ్యూలర్‌ను రేపు ఎవరు చూసుకుంటారన్నది చిన్న ప్రశ్న కాదు. కానీ కోలివాస్‌కు పేరు దక్కలేదన్న ప్రచారం సరికాదు. పేరు మొదటి రోజే, రాతపూర్వకంగా దక్కింది. దక్కనిది కోడ్‌లో చోటు, దాన్ని నడిపే అధికారం. కృతజ్ఞతా వాక్యం ఎంత నిజాయితీగా రాసినా ఆ లోటు పూడ్చదని ఈ ఉదంతం చూపిస్తుంది. రెండేళ్ల తర్వాత ఆయన బీఎఫ్ఎస్ అనే మరో షెడ్యూలర్‌తో తిరిగి వచ్చారు. ఈసారి దాన్ని ప్రధాన కెర్నల్‌లో చేర్చమని అడగనేలేదు.

పెద్ద కంపెనీ, ఒంటరి రచయిత అయినప్పుడు కథ మరింత చేదుగా ఉంటుంది. విండోస్‌లో ప్రోగ్రాములను కమాండ్‌తో అమర్చుకునే యాప్‌గెట్ అనే ప్యాకేజీ మేనేజర్‌ను కెనడాలో ఉండే కీవన్ బేగీ తయారుచేశారు. 2019లో మైక్రోసాఫ్ట్ ఆయనను సంప్రదించి, ఉద్యోగం ఇచ్చే మాటలు నడిపి, డిసెంబర్‌లో ఇంటర్వ్యూలు చేసి, ఆ తర్వాత నెలల తరబడి మౌనం వహించింది. 2020 మేలో ఆ కంపెనీ సొంత ప్యాకేజీ మేనేజర్ విన్‌గెట్ వెలువడింది. పనిచేసే తీరు, వాడిన పదాలు, మ్యానిఫెస్ట్ ఫైళ్ల అమరిక యాప్‌గెట్‌ను తలపించాయని బేగీ రాశారు. ప్రకటనలో యాప్‌గెట్ ప్రస్తావన నామమాత్రం. కోడ్ కాపీ కొట్టారన్నది తన బాధ కాదనీ, ఓపెన్ సోర్స్ అంటే కాపీకి ఒప్పుకోవడమేననీ, గుర్తింపు ఇవ్వకపోవడమే నొప్పించిందనీ ఆయన స్పష్టం చేశారు. కొన్ని రోజులకే మైక్రోసాఫ్ట్ ఏయే అంశాల్లో యాప్‌గెట్ స్ఫూర్తి ఉందో జాబితాగా రాసి కృతజ్ఞతలు చెప్పింది. యాప్‌గెట్ అప్పటికే మూసివేత ప్రకటించింది.

2025లో స్పీగల్ అనే ప్రాజెక్టు రచయిత కూడా అదే కంపెనీకి చెందిన పీర్డ్ గురించి ఇలాగే రాశారు. తన ఫంక్షన్లు, వ్యాఖ్యలు, టెస్టులు అందులో కనిపిస్తున్నాయనీ, పరిచయ పత్రంలో ఒక ధన్యవాదంతో సరిపెట్టారనీ ఆయన వాదన. స్పీగల్‌కు ఉన్న ఎంఐటీ లైసెన్స్ కోరేది ధన్యవాదం కాదు, కాపీరైట్ ప్రకటన.

ప్యాకేజీ పేరు కోసం

ఫోర్క్ అంటే ఒకే మూలం నుంచి చీలి వేరు కాపురం పెట్టిన ప్రాజెక్టు. ఆస్తి పంచుకోవడంలో చిక్కు లేదు, కోడ్ ఇద్దరికీ పూర్తిగా మిగులుతుంది. ఇంటిపేరు ఎవరికన్న దగ్గరే దాయాదుల పోరు మొదలవుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్, లిబ్ఏవీల మధ్య నడిచినది ఇందుకు మేటి ఉదాహరణ.

వీడియో, ఆడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను ఫాబ్రిస్ బెలార్ 2000లో మొదలుపెట్టారు. తర్వాత మైకేల్ నీడర్‌మయర్ నడిపించారు. ఆయన పద్ధతి నచ్చని డెవలపర్ల బృందం 2011 జనవరిలో నిర్వహణ తమ చేతిలోకి తీసుకున్నట్టు ప్రకటించింది. పేరు, డొమైన్ మాత్రం వారికి చిక్కలేదు. మార్చిలో ఆ బృందం లిబ్ఏవీ పేరుతో విడిపోయింది. అసలు మలుపు ఇక్కడే వచ్చింది. డెబియన్, ఉబుంటులో ఈ ప్యాకేజీని చూసుకునే మెయింటెయినర్ లిబ్ఏవీ పక్షాన ఉన్నారు. దాంతో ఆ పంపిణీల్లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని టైప్ చేసినవారికి లిబ్ఏవీ కట్టిన ప్రోగ్రామ్ వచ్చేది. అది తెరిచీ తెరవగానే ఈ ప్రోగ్రామ్‌కు కాలం చెల్లింది, బదులుగా ఏవీకన్వ్ వాడండి అని హెచ్చరించేది. ఆ పేరుతో తామిచ్చే ప్రతికే ఆ మాట వర్తిస్తుందని లిబ్ఏవీ ఉద్దేశం కావచ్చు. చదివిన లక్షలాదిమందికి మాత్రం అసలు ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రాజెక్టే మూతపడిందని అర్థమైంది. ఒక పోటీదారు ఇంకొకరి పేరు మీదే మరణవార్త వేయగలిగిన సందర్భం ఈ రంగంలో మరొకటి చెప్పడం కష్టం.

నీడర్‌మయర్ ప్రతివ్యూహం సాదాగా ఉంది. లిబ్ఏవీలో చేరిన ప్రతి మార్పునూ, రాసినవారి పేరు చెక్కుచెదరకుండా, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోకి కలుపుకుంటూ పోయారు. అటు పని చేసినవాళ్ల శ్రమ ఇటూ చేరేది, ఇటు జరిగిన పని అటు అంతగా వెళ్లేది కాదు. లిబ్ఏవీ వారికి ఇది కంటగింపు అయింది గానీ, గుర్తింపు విషయంలో వేలెత్తి చూపే వీల్లేదు. 2014 జనవరిలో గూగుల్ భద్రతా పరిశోధకులు తాము చూపిన లోపాలకు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో 1,000కి పైగా సవరణలు జరిగాయని ప్రకటించారు; లిబ్ఏవీ ఆ వేగం అందుకోలేకపోయింది. 2015 జులైలో డెబియన్ తిరిగి ఎఫ్ఎఫ్ఎంపెగ్ వైపు మళ్లింది. అదే నెల చివరి రోజున నీడర్‌మయర్ నాయకత్వానికి రాజీనామా ఇచ్చి, విడిపోయినవారు తిరిగి రావాలని కోరుకున్నారు. కొందరు వచ్చారు. లిబ్ఏవీ కొన్నేళ్లకు ఆగిపోయింది.

రిజిస్ట్రీ యజమానే బరిలోకి దిగితే పేరు చేతులు మారడానికి ఒక్క పూట చాలు. వర్డ్‌ప్రెస్ సహస్థాపకుడు మాట్ ములెన్‌వెగ్‌కూ, డబ్ల్యూపీ ఇంజిన్ కంపెనీకీ మధ్య నడిచిన వివాదంలో 2024 అక్టోబర్ 12న అదే జరిగింది. ఆ కంపెనీకి చెందిన, 20 లక్షలకు పైగా సైట్లలో ఉన్న అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్‌ను అధికారిక ప్లగిన్ల కోశంలో ఉన్న చోటనే ఫోర్క్ చేసి, సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్ అని పేరు మార్చారు. చిరునామా పాతదే కావడంతో అప్‌డేట్ నొక్కినవారికి కొత్త ప్లగిన్ వచ్చింది. జీపీఎల్ ప్రకారం ఫోర్క్ చేయడం హక్కే. చిరునామాతో పాటు వాడుకరుల్ని లాక్కోవడానికి ఏ లైసెన్సూ అనుమతి ఇవ్వదు, నిషేధించదు కూడా. డిసెంబర్‌లో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాక ప్లగిన్ పాత యజమానులకు చేరింది.

పేరు తగిలించొద్దన్నవారు

పేరు ఉంచమని అడిగేవారి మధ్య, తమ పేరు తీసేయమని పోరాడినవారూ ఉన్నారు. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రచయిత జేమీ జవిన్‌స్కీకి, డెబియన్ పంచే ఏళ్ల నాటి కూర్పుల్లోని లోపాల మీద ఫిర్యాదులు వచ్చిపడేవి. అవి ఎప్పుడో సరిచేసినవే. విసిగిపోయి, ఈ కూర్పు బాగా పాతబడిందంటూ గడువు దాటాక తనంతట తానే హెచ్చరించే కోడ్‌ను అందులో పెట్టారు. 2016లో డెబియన్ మెయింటెయినర్లు దాన్ని తీసేయబోతే, అలాగైతే ప్యాకేజీనే తీసేయండన్నారు. మొజిల్లా 2006లో తమ అనుమతి లేని మార్పులతో ఫైర్‌ఫాక్స్ పేరు వాడొద్దంటే, డెబియన్ దాన్ని ఐస్‌వీజిల్ అని మార్చి పదేళ్లు నడిపింది.

ఫాంట్ల లోకంలో దీనికి లైసెన్స్‌లోనే దారి ఉంది. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మండలి, సురవరం, రామభద్ర, గిడుగు వంటి తెలుగు ఫాంట్లు వచ్చిన ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌లో, రచయిత కోరుకుంటే ఫాంట్ పేరును రిజర్వు చేసుకోవచ్చు. అప్పుడు ఎవరైనా ఒత్తులు సరిచేసి కొత్త కూర్పు విడుదల చేస్తే, పాత పేరు వాడకూడదు.

గ్నూ పారలల్ అనే ప్రోగ్రామ్ రచయిత ఓలే టాంగే దారి వేరు. పరిశోధనలో వాడితే ఉల్లేఖించండి, లేదంటే 10,000 యూరోలు చెల్లించండి అనే నోటీసును ఆ ప్రోగ్రామ్ తెర మీద చూపిస్తుంది. ఉల్లేఖిస్తానని ఒకసారి టైప్ చేస్తే ఊరుకుంటుంది. డెబియన్ మెయింటెయినర్లకు ఇది అతి అనిపించి ప్యాచ్‌తో తీసేశారు. తీసేస్తే పేరు కూడా మార్చుకోండని టాంగే అంటారు. జీపీఎల్ ప్రకారం చూస్తే ఆ నోటీసు వినతే తప్ప షరతు కాదు. వినతిని కూడా చెరిపేయాలా అన్నది మర్యాదకు సంబంధించిన ప్రశ్న.

గుర్తింపుకు ధర కట్టినప్పుడు

2020 హాక్టోబర్‌ఫెస్ట్ పోటీలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపితే టీషర్ట్ ఇస్తామంటే, పరిచయ పత్రాల్లో ఒక మాట చేర్చిన పనికిమాలిన ప్రతిపాదనలు మెయింటెయినర్లను ముంచెత్తాయి. వాటిలో చాలావాటికి మన దేశంలో బాగా చూసే ఒక యూట్యూబ్ పాఠం నమూనా అయింది. నిర్వాహకులు అక్టోబర్ మొదట్లోనే నియమం మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పోటీని పరిమితం చేశారు. 2024లో టీ అనే క్రిప్టో పథకం ప్యాకేజీలకు టోకెన్లు ఇస్తామనడంతో, ముక్కూమొహం తెలియనివారు ఇతరుల ప్రాజెక్టుల్లో తమను యజమానులుగా చూపే ఫైళ్లు చేర్చమని అడగడం మొదలుపెట్టారు. అదే ఏడాది మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీ ఉదంతం ఇంకా లోతైనది. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా బుద్ధిగా ప్యాచ్‌లు పంపి, అలసిపోయిన మెయింటెయినర్ నమ్మకం గెలుచుకుని, సహ మెయింటెయినర్ అయి, దొడ్డిదారి పెట్టారు. కమిట్ చరిత్రలో సంపాదించిన మంచి పేరే ఇక్కడ ఆయుధం.

కోడ్ రాసే ఏఐ

2022 అక్టోబర్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ ఆచార్యులు టిమ్ డేవిస్, తాను రాసిన స్పార్స్ మ్యాట్రిక్స్ కోడ్‌ను గిట్‌హబ్ కోపైలట్ పెద్ద పెద్ద ముక్కలుగా అప్పజెబుతోందని చూపించారు. లైసెన్స్ లేదు, ఆయన పేరు లేదు. మరుసటి నెలలో కొందరు ప్రోగ్రామర్లు పేర్లు వెల్లడించకుండా గిట్‌హబ్, మైక్రోసాఫ్ట్, ఓపెన్ఏఐల మీద దావా వేశారు. హక్కు ప్రకటనలు తొలగించారన్న ఆరోపణను కాలిఫోర్నియా జిల్లా కోర్టు 2024లో కొట్టేసింది. తొలగింపు అనాలంటే బయటకు వచ్చిన కోడ్ అసలు కోడ్‌తో అచ్చంగా ఒకటే కావాలన్నది కోర్టు తీసుకున్న కొలమానం. లైసెన్స్ ఒప్పందం మీరారన్న వాదన మాత్రం నిలిచింది. కొలమానం సరైనదేనా అన్న ప్రశ్న అప్పీలుగా తొమ్మిదో సర్క్యూట్ కోర్టుకు వెళ్లింది. అచ్చంగా ఒకేలా ఉండాలన్న మాట అక్కడ నిలిస్తే, చలరాశుల పేర్లు రెండు మార్చిన కోడ్ మీద ఏ మెయింటెయినరూ హక్కు ప్రకటనల తొలగింపు నిబంధన కింద ఫిర్యాదు చేయలేరు.